మలబద్ధము — ఆహారము, దినచర్య

నేడు నేను చెప్పబోవు విషయము సభలలో ఎవరును ఎత్తుకొననిది. ఇండ్లలో మాత్రము ప్రతిదినమును ఎవరో యొకరు మనసులోనే తలచుకొని బాధపడుచుండునది. మలబద్ధమను మాట వినినంతనే కొందరు నవ్వుదురు, కొందరు ముఖము త్రిప్పుకొందురు. ముప్పదినాలుగు సంవత్సరములు బడిపంతులుగా నుండినవాడను. వ్యాకరణమును గూర్చియో పురాణమును గూర్చియో మాటలాడుమనిన నాకును సుఖముగానే యుండును. కాని గోదావరిఖని చుట్టుపట్ల గ్రామములలో నా యీడువారు నలుగురు అరుగుమీద కూర్చుండిరేని, కొంతసేపటికి మాట పింఛను నుండి మోకాళ్ళకును, మోకాళ్ళనుండి కడుపునకును దిగుచున్నది. పిమ్మట ఒక్కొక్కరు తమ జేబులోని పొడిపొట్లమును పైకి దీసి, నాది మంచిదనిన నాది మంచిదని వాదులాడుకొందురు. ఆ పొట్లములను జూచియే ఈ విషయము నెంచుకొంటిని.

మొదట మలబద్ధమనగా నేమో తేల్చుకొనవలెను. దినమున కొకసారి విరేచనము కానిచో అది రోగమేయని మనలో పెక్కుర నమ్మకము. ఇది సరికాదు. ఆరోగ్యవంతులలో దినమునకు మూడుసార్లు పోవువారును గలరు, వారమునకు మూడుసార్లే పోవువారును గలరు. వారమునకు మూడుసార్లకంటె తగ్గుట, మలము మేకపెంటికలవలె గట్టిపడుట, ముక్కవలసి వచ్చుట, పోయివచ్చిన పిమ్మటను ఇంకను లోపల మిగిలియున్నట్లు తోచుట — ఈ లక్షణములు నెలల తరబడి యుండినచో దానిని దీర్ఘమలబద్ధమని వైద్యులు చెప్పుదురు. లెక్కకంటె రూపము ముఖ్యము. ఇంగ్లండు దేశమున బ్రిస్టల్ నగర వైద్యులు 1997లో మలరూపమును ఏడు విధములుగా వింగడించి యొక పట్టిక ప్రకటించిరి. పెంటికలవంటిది మొదటిది, నీళ్ళవంటిది ఏడవది, పగుళ్ళు లేక నునుపుగా, మెత్తగా, ఒక్క కడ్డీగా వచ్చునది నాలుగవది. ఆ నాలుగవదియు, దానికి సమీపమున నుండు మూడవదియు కోరదగినవి. నవ్వవలదు, నేడు అనేక దేశముల ఆసుపత్రులలో ఈ పట్టికనే చూపి రోగిని ప్రశ్నించుచున్నారు.

లోపల జరుగు పని తెలిసినగాని మనము చేయవలసిన పని బోధపడదు. చిన్నప్రేగు పొడవు సుమారు ఆరు మీటర్లు, పెద్దప్రేగు సుమారు మీటరున్నర. మనము తిని త్రాగునదియు, లోపల ఊరు రసములును కలిసి దినమునకు తొమ్మిది లీటర్ల దాక ద్రవము ప్రేగులలో జేరును. అందు అధికభాగమును చిన్నప్రేగు పీల్చుకొనును. లీటరు, లీటరున్నర మాత్రమే పెద్దప్రేగునకు దిగును. ఆ మిగిలిన నీటినికూడ తీసికొని శరీరమునకు మరల నిచ్చుట పెద్దప్రేగు చేయు పని. అది పొదుపరియైన ఇల్లాలివంటిది. తన యొద్ద ఎంతసేపు నిలిపిన అంత నీరు రాబట్టును. కావున మలము అక్కడ ఒకనాడు ఎక్కువ నిలిచెనేని అంతమేర ఎండిపోవును. దీనినిబట్టి రెండు సంగతులు తేలుచున్నవి. మలమును ఊరక నిలువనీయరాదు. నిలిచినంత సేపును నీటిని తనలో పట్టియుంచుకొను పదార్థము దానిలో నుండవలెను. ఆ పదార్థమే ధాన్యముల పొట్టులోను, కూరలలోను, పండ్లలోను ఉండు పీచు.

ఇంకొక సంగతి గలదు. పెద్దప్రేగు ఎల్లవేళల ఒకే రీతిగా కదలదు. నిద్రలో దాని కదలిక మందగించును. మనము మేల్కొనినప్పుడును, పొట్టలో ఆహారము పడినప్పుడును అది అలవలె కదలి మలమును క్రిందికి నెట్టును. అప్పుడు కలుగు ప్రేరణకే మన పూర్వులు వేగమని పేరిడిరి. ఆ వేగమును ఆపుకొనినచో కొంతసేపటికి అది తానే అణగిపోవును. మలము మాత్రము అక్కడనే యుండి ఎండును. పలుమార్లు ఇట్లు చేసినచో మలాశయము సాగి, చిన్నచిన్న పిలుపులకు పలుకుట మానుకొనును.

బాల్యమున మంథనిలో మా గురువుగారియొద్ద కావ్యములు చదువుకొనునపుడు వారి యింట వైద్యగ్రంథములుకూడ నుండెడివి. చరకసంహిత సూత్రస్థానమున ఏడవ అధ్యాయము సహజముగా వచ్చు వేగములను ఆపరాదనుటకే కేటాయింపబడినది. మూత్రము, మలము, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేనుపు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర మొదలుగా పదుమూడింటిని అందు లెక్కించిరి. వాగ్భటుని అష్టాంగహృదయమున దినచర్యాధ్యాయము ఇంకొక మాట చేర్చుచున్నది: వచ్చిన వేగమును ఆపుకొని వేరొక పనిలో మునుగరాదు, రాని వేగమును బలవంతముగా పుట్టింపనురాదు. మొదటి సగము అందరికిని గుర్తున్నది. రెండవ సగమును మరచితిమి. వేకువనే లేచి ముప్పావుగంట మరుగుదొడ్డిలో కూర్చుండి ముక్కుటయే శౌచనియమమని తలచువారు మనలో నెందరో గలరు. ముక్కుటవలన మొలలు ఉబ్బును, గుదద్వారమున చీలిక పడును, బలహీనమైన హృదయము గలవారికి కన్నులు చీకట్లు క్రమ్మి పడిపోవు ప్రమాదమును గలదు. నేటి వైద్యులును వాగ్భటుని మాటనే చెప్పుచున్నారు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకొనవలెను. బడిలో పిల్లవాడు ఒక వ్రేలు చూపిన ఒకటికనియు, రెండు వ్రేళ్ళు చూపిన రెంటికనియు అర్థము. ఒకటికి పంపెడివాడను. రెండు వ్రేళ్ళు ఎత్తిన పిల్లవానిని మాత్రము పాఠము తప్పించుకొనుటకు వేసిన యెత్తని తలచి, గంట కొట్టువరకు కూర్చుండుమనెడివాడను. నేను పనిచేసిన బడులలో ఒకదానియందు మూడువందలమంది పిల్లలకు రెండు మరుగుదొడ్లు. అందొకదానికి తలుపు లేదు. ఆడపిల్లలు ఇంటినుండి బయలుదేరినది మొదలు సాయంకాలము ఇల్లు చేరువరకు నీరు ముట్టక యుండెడివారు. ఆ సంగతి నాకు తెలియక కాదు, తెలిసియు ఊరకుంటిని. పిల్లవాడు ఒకసారి ఆపుకొనిన మలము గట్టిపడును. గట్టిపడిన మలము పోవునప్పుడు నొప్పి కలుగును. ఆ నొప్పికి జడిసి మరునాడు తానే ఆపుకొనును. అది మరింత గట్టిపడును. ఈ చుట్టు ఒకసారి పడినచో నెలలకొలది విడువదు. కొందరు పిల్లలకు గట్టిమలము చుట్టునుండి పలుచనిది కారి బట్టలు పాడగును. తల్లిదండ్రులు దానిని అతిసారమని భ్రమించి మరింత కట్టుటకు మందిత్తురు, లేదా అల్లరియని కొట్టుదురు. మన యిండ్లలోని మనుమలను అడిగి చూడుడు: బడిలో రెంటికి పోవుటకు వీలున్నదా యని. లేదనినచో ఉదయమున వానికి ఏదైన తినిపించి, తొందరపెట్టక పది నిమిషములు కూర్చుండనిచ్చి పంపుట మంచిది. అట్లు కుదురుటకు వానిని ఇంకొక అరగంట ముందు లేపవలసియుండును.

బడిలోని సంగతి ఇట్లుండగా బాయిలోని సంగతి మరియొకటి. మన ప్రాంతమున బొగ్గుగనిని బాయి యందుమని మీకు చెప్పనక్కరలేదు. ఇల్లందు వైపు 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొనెను. 1889లో అక్కడ త్రవ్వకములు సాగినవి. 1920లో సింగరేణి పేరుతో కంపెనీ యేర్పడెను. మన రామగుండము వైపునకు ఆ పని 1960 ప్రాంతమున వచ్చి చేరినది. అప్పటినుండి ఉదయము ఏడు, మధ్యాహ్నము మూడు, రాత్రి పదునొకండు అను మూడు గంటలు ఈ ప్రాంతపు కాలమును పాలించుచున్నవి. సూర్యుడు గాక షిఫ్టు కూత మనలను లేపుచున్నది. ఒక వారము వేకువను లేచినవాడు మరియొక వారము వేకువను పండుకొనును. ప్రేగునకును తనదైన దినచర్య యున్నదని యిదివరకే చెప్పితిని. యజమాని నిద్ర తలక్రిందులైనప్పుడు ఆ ప్రేగు పాపము ఎవరి మాట వినవలెను?

క్రింద పనిచేయుచోటినుండి పైకి వచ్చుట నిమిషములలో నగు పని కాదు. 1952 నాటి గనుల చట్టము మరుగుదొడ్లు ఏర్పరుపవలెననియు, 1955 నాటి నియమములు మనిషికి రెండు లీటర్లకు తక్కువగాకుండ త్రాగునీరు ఉంచవలెననియు విధించినవి. చట్టమున ఉన్నంతమాత్రమున వేగము వచ్చిన నిమిషముననే మరుగు దొరకునా? విశ్రాంతి పొందిన కార్మికులు పలువురు నాతో చెప్పినది ఒక్కటే. వారిలో నొకరి మాట యథాతథముగా: "సారూ, బాయిల దిగినంక పైకచ్చేదాకా కడుపు కట్టుకునుడే." రాత్రి షిఫ్టునకు పోవునప్పుడు, క్రింద అవసరము పడకుండుటకై సగము కడుపే తినెడివారట, నీరును గొంతు తడుపుకొనుటకే త్రాగెడివారట. చెమట మాత్రము ధారలుగా కారును. వేడిమిలో గట్టిపని చేయువానికి గంటకొక లీటరు దాక చెమట పోవచ్చును. శరీరము ఆ లోటును ఎక్కడనుండి పూడ్చుకొనును? మూత్రమును తగ్గించును, పెద్దప్రేగులోని నీటిని పిండుకొనును. ముప్పది సంవత్సరములు ఇట్లు కట్టుకొనిన కడుపు, ఉద్యోగము విడిచిన మరునాడు తానై విప్పుకొనదు. పైగా నేలక్రింద నడచిన కాళ్ళు ఇంట మంచముపైకి చేరును, నడక యుడుగును, మన ప్రాంతపు యెండలలో, నలువదియైదు డిగ్రీలు దాటు దినములలో, ముసలివారికి దప్పిక తెలియుటయు తగ్గిపోవును. ఇవన్నియు ఒక్కచోట కలియుచున్నవి.

షిఫ్టు మనిషికి నేను చెప్పునది యిది. ప్రొద్దుపొడుపుతో నిమిత్తములేదు, నీవు నిద్రలేచినదే నీకు ఉదయము. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పండుకొని మధ్యాహ్నము రెండు గంటలకు లేచినచో, ఆ రెండు గంటలకే ఒక చెంబు నీరు త్రాగి, వేడిగా నేదైన తిని, అరగంటలోపల మరుగునకు పోవలెను. ఇట్లు నిద్ర, నీరు, తిండి, మరుగు అను నాలుగింటి వరుసను తప్పనీయకుండినచో, గంట మారినను ప్రేగు ఆ వరుసను గుర్తుపట్టును. ఒకటి రెండు దినములలో కాదు. మూడు నాలుగు వారములు ఓపిక పట్టవలెను. కూర్చుండినను ఫలింపనిచో పది నిమిషములకు లేచి రావలెను. చేతిలోని సెల్లుఫోనును బయట పెట్టి పోవలెను. దానిని చూచుచు అరగంట కూర్చుండుటవలన గుదమునందలి నరములు ఉబ్బుటయే గాని వేరొక లాభము లేదు.

ఆహారమునకు వత్తము, ఈ వ్యాధికి సగము వైద్యము ఇక్కడనే యున్నది. మన తాతల కాలమున ఈ నేలపై జొన్నరొట్టె, జొన్నగట్క, మక్కగట్క నిత్యభోజనములు. వరియన్నము పండుగనాటి మాట. కాలువలు, బావులు పెరిగి వరి పెరిగెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి పేదయింటికిని తెల్లని యన్నము చేరెను. ఆకలి తీరినది, అది చిన్న సంగతి కాదు, దానిని నేను నిందింపను. కాని తెల్లన్నముతో పాటు ఇంకొకటి జరిగెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలనుబట్టి చూడగా, నూరు గ్రాముల జొన్నలలో పీచు సుమారు 10 గ్రాములు. మరపట్టిన తెల్లబియ్యములో 3 గ్రాములకు లోపు. మూడు పూటలకు నాలుగువందల గ్రాముల ధాన్యము తినువాడు జొన్న తినిన 40 గ్రాములును, బియ్యము తినిన 11 గ్రాములును పీచు పొందును. మనిషికి దినమునకు పాతిక ముప్పది గ్రాములు కావలెనని నేటి శాస్త్రము. అన్నముతో పాటు కూర దండిగా తినినచో ఆ లోటు తీరును. కాని మనవారి కంచమున అన్నము కొండవలెను, కూర ఆ కొండపై గుడివలెను ఉండును.

పీచు మహిమను ప్రపంచమునకు చాటినవారిలో డెనిస్ బర్కిట్ అను ఐరిష్ శస్త్రవైద్యుడు ముఖ్యుడు. ఆయన ఆఫ్రికాలోని ఉగాండాలో చిరకాలము పనిచేసెను. అక్కడి పల్లెజనుల మలము పెద్దదిగా, మెత్తగా ఉండి త్వరగా వెలికి వచ్చుటయు, పాలిష్ చేసిన పిండి తిను ఇంగ్లీషువారి మలము చిన్నదిగా, గట్టిగా ఉండి రెండింతల కాలము లోపల నిలుచుటయు గమనించి, 1972లో తోటివైద్యులతో కలిసి ఆ సంగతిని ప్రకటించెను. తవుడును పశువులకు వేసి తాము తెల్లపిండి తిను నాగరకులు ఆయన మాటకు మొదట నవ్విరట. మనము తవుడు ఎవరికి వేయుచున్నాము?

జొన్న తినిన తాతలకు మలబద్ధమే లేదని నేననను. నాకు తెలిసిన తాతలలో ఆముదపు సీసా లేని తాత లేడు. కాని రెండు పూటల అన్నము తినువారు ఒక పూట జొన్నరొట్టెకు మారుట కష్టము కాదు. పండ్లు లేనివారికి గట్క యున్నది, రాగి అంబలి యున్నది. చల్ల కలుపుకొని త్రాగినచో నమలు పనియే లేదు. పిండిని జల్లించి పొట్టు పారవేయరాదు. పొట్టు తీయని పెసలలో నూరు గ్రాములకు పదునేడు గ్రాముల పీచు గలదు. పొట్టు తీసిన పప్పులో అందు ఇంచుమించు సగమే. బబ్బెర్లు, అనుములు, ఉలవలు నానబెట్టి ఉడికించి వారమునకు నాలుగుసార్లు తినవచ్చును. కూరలలో పుంటికూర, తోటకూర, గంగవాయిలికూర, గోకరకాయ, చిక్కుడు మన పెరటివే. పండ్లలో జామ యుత్తమము. నూరు గ్రాములకు ఎనిమిది గ్రాములకు పైగా పీచు గలిగియుండును. దాని గింజలు కడుపు కట్టునని కొందరి భయము. పిల్లలకు గంపెడు తినిపించి నీళ్ళు త్రాగింపనప్పుడు మాట వేరు గాని, పెద్దవారు దినమున కొకటి తినుట మేలే. బొప్పాయి, సీతాఫలము, రేగు, అడవినుండి వచ్చు తునికిపండ్లు — ఏ కాలమున ఏది వచ్చిన అది. యాపిలుపండు కొనలేకపోతిమని చింతింపవలదు.

ఇందొక హెచ్చరిక. ప్రసంగము వినిన ఉత్సాహమున రేపే మూడు పూటలు జొన్న, ఉలవలు మొదలుపెట్టినచో కడుపు డోలువలె ఉబ్బి, వాయువు పట్టి, నన్ను తిట్టుకొందురు. మొదటి వారము ఒక పూట కూరను రెట్టింపు చేయుడు. రెండవ వారము రొట్టె చేర్చుడు. మూడవ వారము గింజలు చేర్చుడు. పీచుతో పాటు నీరును పెరుగవలెను. నీరు లేని పీచు తడిలేని బంకమట్టివంటిది. అట్లని కుండలకొలది నీరు త్రాగినంతనే మలబద్ధము పోవునని యెంచవలదు. శరీరమున నీటి లోటున్నవానికే ఎక్కువ నీరు ఔషధము, లేనివానికి ఆ నీరు మూత్రమై పోవును. మూత్రము ముదురు పసుపు రంగున నుండినచో లోటున్నదని తెలిసికొనవచ్చును. గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు వైద్యుడు చెప్పిన కొలతను దాటరాదు.

కూర్చుండు తీరునుగూర్చి కొంత. గొంతుక కూర్చున్నప్పుడు తొడలు కడుపునకు ఆని, మలాశయమునకును గుదమునకును నడుమనుండు వంపు సడలి మార్గము తిన్నన యగును. కుర్చీవంటి దొడ్డిపై నిటారుగా కూర్చున్నప్పుడు ఆ వంపు పూర్తిగా సడలదు. మోకాళ్ళనొప్పులు గల మన యీడువారికి గొంతుక కూర్చుండుట సాధ్యము కాదు. వారు కుర్చీదొడ్డియే వాడవలెను. అట్టివారు పాదముల క్రింద జానెడు ఎత్తుగల పీట నుంచుకొని, మోకాళ్ళు నడుముకంటె ఎత్తుగా నుండునట్లు కొంచెము ముందునకు వంగి కూర్చుండిన, గొంతుక కూర్చున్న ఫలము చాలవరకు కలుగును. మా యింట నేను వడ్రంగిచే ఒక పీట చేయించితిని. నా భార్య మొదట నవ్వెను. ఇప్పుడు ఆ పీట కనబడనిచో ముందుగా ఆమెయే వెదకును.

ఒకప్పుడు ఆడువారు చీకటి పడువరకును, లేదా తెల్లవారకముందును పొలము గట్టుకు పోవలసియుండెను. పగలంతయు ఆపుకొనుటయే వారి దినచర్య. 2014 తరువాత పల్లెలలో మరుగుదొడ్లు విరివిగా కట్టబడినవి. కొన్ని యిండ్లలో అవి కట్టెలకును, పాతసామానులకును కొట్లైనవి. ఆ కొట్టును ఖాళీ చేయించుట ఇంటి పెద్ద చేతిలోని పని. కోడలు నోరు విప్పి అడుగలేదు.

ఇక జేబులోని పొట్లముల మాట. సోనాముఖి ఆకు, ఆముదము మన దేశమునకు కొత్తవి కావు. అప్పుడప్పుడు వాడిన తప్పును లేదు. చిక్కు ఎక్కడనగా: తీక్ష్ణమైన విరేచనమందు ప్రేగునంతయు ఒక్కసారి ఊడ్చివేయును. ఊడ్చిన ప్రేగు మరల నిండుటకు రెండు మూడు దినములు పట్టుట సహజము. ఆ రెండు దినములు విరేచనము కాకపోవుటను జూచి, రోగము మరల వచ్చెనని భయపడి మరల పొడి వేసికొందురు. ఇట్లు లేని రోగమునకు మందు వేయుచు సంవత్సరములు గడపువారిని నేనెరుగుదును. అమితముగా వాడినచో శరీరమున లవణములు తగ్గి కాళ్ళు చేతులు పట్టుతప్పును. గర్భిణులు ఆముదము వాడరాదు. పేరు లేని పొడి, అందేమి కలిపిరో అమ్మువానికే తెలియని పొడి ఎంతటి మహిమ గలదైనను నోట వేసికొనరాదు.

మృదువైనది ఇసబుగోలు పొట్టు. ఇది మందుకంటె పీచు జాతికి చెందినది. గుజరాతు, రాజస్థానములలో పండు మొక్క గింజల పైపొర. ఒక చెంచా, రెండు చెంచాలు పెద్ద గ్లాసెడు నీటిలో కలిపి, చిక్కబడకముందే త్రాగి, పైన ఇంకొక గ్లాసు నీరు త్రాగవలెను. పొడిగా నోట వేసికొనరాదు; గొంతులో ఉబ్బి అడ్డుపడును. మ్రింగుట కష్టమైనవారు దీనిని వాడరాదు. ఇతర ఔషధములకును దీనికిని రెండు గంటల యెడముండవలెను. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల త్రిఫలచూర్ణము కొందరికి పడును. రాత్రి వేడినీటితో కొద్దిగా పుచ్చుకొనవచ్చును. ఇవి రెండును పనిచేయనిచో బజారులో మూడవది వెదకక వైద్యునితో చెప్పవలెను. ఏలయన కొన్ని మలబద్ధములకు కారణము కడుపులో నుండదు, మందులపెట్టెలో నుండును. రక్తహీనతకిచ్చు ఇనుపమాత్రలు, కొన్ని దగ్గుమందులు, నొప్పులకిచ్చు కొన్ని బలమైన మాత్రలు, కొన్ని రక్తపుపోటు మాత్రలు మలమును కట్టును. వానిని మీ అంతట మానరాదు; మార్చుమని వైద్యుని అడుగవలెను. కంఠగ్రంథి మందగించినను, మధుమేహము ముదిరినను మలబద్ధము కలుగును. మరికొందరికి మలము మెత్తగా నున్నను, వదలవలసిన కండరము వదలుటకు బదులు బిగుసుకొనును; అట్టివారికి పీచు పెంచినకొలది బాధ పెరుగును. వారికి వేరు చికిత్స గలదు.

మా బావగారు బాయిలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. అరువది రెండవ యేట ఆయనకు క్రొత్తగా మలబద్ధము పట్టెను. కొన్నాళ్ళకు రక్తము కనబడెను. మొలలేయని తానే తేల్చుకొనెను. బాయి మనుషులకు మొలలు మామూలేయని మేమును అంటిమి. పథ్యము చెప్పినవాడను నేను. పొడి తెచ్చి యిచ్చినవారు మరియొకరు. ఎనిమిది నెలలు గడచెను. పంచె నడుమున నిలువకుండ చిక్కిపోయిన పిమ్మట ఆసుపత్రికి పోగా, పెద్దప్రేగున పుండు గడ్డకట్టి యున్నదని తేలెను. శస్త్రచికిత్స జరిగినది, ఆ తరువాత రెండు సంవత్సరములు జీవించెను. మొదటి నెలలోనే వచ్చియుండినచో ఇంకను మిగిలియుండెడివారేమోయని వైద్యుడు అనెను. ఆ మాటను ఆయన కొట్టినట్లు చెప్పలేదు. నాకు మాత్రము నేటికిని తగులుచునేయున్నది.

కావున ఈ గుర్తులున్నప్పుడు నా జొన్నరొట్టెయు వలదు, ఇసబుగోలును వలదు, నేరుగా వైద్యుని యొద్దకు పోవలెను: ఏబది యేండ్లు దాటిన పిమ్మట క్రొత్తగా మలబద్ధము కలుగుట, మలమున రక్తము, లేదా మలము తారువలె నల్లబడుట, కారణము లేక బరువు తగ్గుట, రక్తహీనత, కొన్నాళ్ళు బిగియుట, కొన్నాళ్ళు కారుట, మలము సన్నని కడ్డీవలె మారుట. కడుపు ఉబ్బి, వాంతులై, వాయువుకూడ వెడలనిచో అది ప్రేగు మూసికొనిన గుర్తు. తెల్లవారువరకు ఆగక ఆ రాత్రియే పోవలెను. ఇనుపమాత్రలవలనను మలము నల్లబడును గాన, ఆ మాత్రలు వాడుచున్నవారు ఆ సంగతి ముందుగా చెప్పవలెను. గోదావరిఖనిలో సింగరేణి వారి ఆసుపత్రియు, ప్రభుత్వ ఆసుపత్రియు గలవు. 2022 నుండి వైద్యకళాశాలయు నడచుచున్నది. పోవునప్పుడు వాడుచున్న మందుల చీటీలన్నియు, జేబులోని పొట్లముతో సహా, వెంట తీసికొని పోవలెను. ఎన్ని దినములనుండి, వారమునకు ఎన్నిసార్లు, రూపమేమి, రక్తము కలిసి వచ్చుచున్నదా లేక పైన అంటుచున్నదా యని వైద్యుడు అడుగును. కోడలు ప్రక్కనున్నదని సిగ్గుపడి కడుపునొప్పియని మాత్రము చెప్పి రావలదు. నోట చెప్పలేనివారు ఈ నాలుగు సంగతులను ఇంటియొద్దనే చీటీమీద వ్రాసికొని పోయి చేతికిచ్చినను చాలును.